ఒకటో కార్బన్ ఎప్పుడూ మిల్లు వాళ్ల అబ్బాయే

మా చిన్నప్పుడు... తెనాలిలో పదో తరగతి చదివేటప్పుడు, కార్బన్ పాఠం వరండాలో జరిగేది. అయిదుగురు వరసగా నిలబడి చేతులు పట్టుకోవాలి. అదే అయిదు కార్బన్ల గొలుసు, పెంటేన్. ఆరో మనిషి వాళ్లలో ఒకరి భుజం పట్టుకుని పక్కకి నిలబడాలి. అది కొమ్మ, మిథైల్.

కొమ్మ ఎప్పుడూ నేనే...

ఇప్పుడిది ఎందుకంటే, మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే దండాలు. మా సైన్సు సారు రిటైరవుతున్నారు, సన్మానమట. అంత గొప్ప గురువు మళ్లీ దొరకరట. పేరు రాయను గానీ, నాకు ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

సారు రేపల్లె నుంచి వచ్చేవారు. పాసింజరు ఆలస్యమైన రోజు ఆ విసుగంతా మా వీపుల మీదే. ఆయన దగ్గర ట్యూషనుకి వెళ్లేవాళ్లు గొలుసు. వెళ్లనివాళ్లు కొమ్మలు, హైడ్రోజన్లు. తలుపు వైపు చివర రైసుమిల్లు వాళ్ల అబ్బాయి నిలబడేవాడు. ఒకటో కార్బన్ ఎప్పుడూ వాడే... లెక్క ఎప్పుడూ వాడి దగ్గర్నుంచే.

ఒక రోజు నేను నాలుగో పిల్ల భుజం పట్టుకున్నాను. సారు మిల్లు అబ్బాయి దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టి, "నాలుగు మిథైల్ పెంటేన్, రాసుకోండి" అన్నారు.

ముందు రోజు రూలు రాయించింది ఆయనే. కొమ్మ ఏ చివరకి దగ్గరగా ఉంటే ఆ చివర నుంచి నంబర్లు వేయాలి, కొమ్మకి చిన్న నంబరు రావాలి అని. నా నోరు ఊరుకోదుగా...

"సార్, ఇటు నుంచి లెక్కపెడితే రెండు వస్తుందండి."

"ఏంటే, కొమ్మొచ్చి చెట్టుకి చెప్తుందా? మీ నాన్న టైలరేగా. టేపు తిరగేసి కొలుస్తాడా?"

అందరూ నవ్వారు.

"కొలుస్తారండి. టేపుకి రెండు చివర్లా ఒకటే ఉంటుందండి" అన్నాను. వెటకారం కాదు, నిజం. టైలరు టేపు ఒక వైపు ఈ చివర ఒకటితో మొదలవుతుంది, తిరగేస్తే ఆ చివర ఒకటితో. ఏ కొస చేతికి అందితే అటు నుంచి కొలుచుకోవచ్చు.

డస్టరు వచ్చి నా నుదుటికి తగిలింది. బెల్లు కొట్టేదాకా ఎండలో నిలబెట్టారు.

తర్వాతి వారం బాపట్లలో స్కూళ్లన్నిటికీ సైన్సు క్విజ్. స్లిప్ టెస్టులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఒక్కరే వెళ్తారు. నాకు ఎలాగైనా వెళ్లాలని ఉంది. అబ్బా... మా నాన్నని అలాగే పిలిచేవాళ్లం... చీరాల గుడ్డ తెచ్చి అప్పటికే కొత్త డ్రెస్సు కుట్టడం మొదలుపెట్టారు.

టెస్టులో ఆ బొమ్మే వచ్చింది. నేను నాలుగు అని రాశాను. తెలిసే రాశాను. మార్కు పడింది, బాపట్ల వెళ్లాను.

అక్కడ స్టేజి మీద మళ్లీ అదే బొమ్మ... ఏం ఖర్మో. ముందు వరసలో మా సారు చేతులు కట్టుకుని నా వంకే చూస్తున్నారు. రెండు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నుదురు చురుక్కుమంది. "నాలుగండి" అన్నాను.

తప్పన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో ఓడిపోయాం.

తిరుగు రైల్లో సారు వేరే స్కూలు మేడమ్‌తో పెట్టెలో అందరికీ వినపడేలా అన్నారు. "చిన్న నంబరు రావాలని పదిసార్లు రాయించానండి. బుర్రకెక్కాలిగా."

పొన్నూరు దాటినా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంటికొచ్చాక అబ్బా అడిగారు, "ఏం అడిగారమ్మా?" అని. "తెలియనిది అడిగారు అబ్బా" అన్నాను. ఆయన మెడలో టేపు వేలాడుతోంది. దాని వంక చూడలేకపోయాను. అబ్బా పోయేదాకా ఆయనకి నిజం చెప్పలేదు... తెలిసిన దాన్ని తప్పుగా చెప్పే పిల్లని చేశారు నన్ను ఆ సారు. నా కోపం అందుకు. నా మీద కూడా ఉందనుకోండి, కాస్త.

మొన్న మా అక్క కూతురు అదే పాఠం చదువుతూ, వాళ్ల సారు బోర్డు మీద నంబర్లు తప్పు వేస్తే తనే లేచి చెప్పానంది.

"సారు ఏమన్నారే?"

"ఏమంటారు ఖాలా, అవునమ్మా అని డస్టరుతో తుడిచి మళ్లీ రాశారు."

ఎంత తేలిగ్గా చెప్పిందో...

సన్మానానికి నేను రావట్లేదు. శాలువా మీరే కప్పండి. తెలిసి తెలిసి తప్పు రాసిన రోజు మీకూ ఒకటి ఉంటే కింద రాయండి. దండాలు మాత్రం గ్రూపులోనే పెట్టుకోండి, ఇక్కడ వద్దు.

కాలం మారిందంటారు గానీ... డస్టరు మా సారు చేతిలో కూడా ఉండేది.