రైలు కట్ట కింద తూము

ఆమెకు కుదురు తక్కువ. "కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావే తల్లీ" అనేది అత్తగారు. అలాంటి మనిషికి దొరికింది కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం: నీటి శాఖలో పటాలు గీసే గది. ఉపగ్రహం పంపిన నేల ఎత్తుల్ని కంప్యూటర్‌కిస్తే, ఎక్కడ పడిన వాన ఎటు పోతుందో అది గీత గీసి చూపిస్తుంది. ఆ ఎత్తుల్లో తప్పులు పట్టి సరిదిద్దడం ఆమె పని.

కొత్త పటంలో ఉత్తరపు వాలు మీద కురిసిన వానంతా రైలు కట్ట దాకా వచ్చి, దాన్ని ఒరుసుకుంటూ తూర్పున బీళ్లలోకి మళ్లిపోతోంది. కట్టకు దిగువనే అక్క వాళ్ల వీధి. పటం ప్రకారం అక్కడికి చుక్క రాదు. సంతోషించాల్సింది పోయి, ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టయింది. పైనుంచి చూసే ఉపగ్రహానికి కట్ట కనబడుతుంది గానీ, కట్ట కింద తూముంటే కనబడదు కదా!

ఆదివారం అక్క ఇంట్లో అన్నం తినీ తినకముందే లేచింది. "బావా, ఒక్కసారి స్కూటర్ తియ్యవూ?"

"మీ చెల్లికి చెయ్యి కడుక్కునే ఓపిక కూడా లేదే" అని అక్కతో అంటూనే బావ బయల్దేరాడు.

కట్ట వెంబడి ఎంత తిరిగినా తూము జాడ లేదు. బావ విసుక్కుని వెనక్కి తిప్పబోతుంటే, ముళ్లకంపల్లోంచి చల్లగాలి తగిలింది. కంప లాగి చూస్తే రాతి తూము, మనిషి వంగి నడిచేంత. లోపలి గోడకు ఛాతీ ఎత్తున, ఎప్పటిదో వరద వదిలిన ఎండు చెత్త.

"ఇది ఎటు పోతుంది?" బావ గొంతులో విసుగు పోయింది.

"మీ వీధి వెనక్కి."

మర్నాడు పటంలో నీటికి దారిచ్చేలా కట్టను ఆ చోట తూము అడుగు దాకా కోసింది. కంప్యూటర్ లెక్క కట్టేదాకా ఆగలేక వరండాలో తిరిగింది. వచ్చి చూస్తే, ఉత్తరపు వాలు మొత్తం అక్క వీధి నెత్తిన పడింది. పై అధికారి తూము ఫొటోలు చూసి, పటాన్ని వెంటనే నగరపాలక సంస్థకు పంపించాడు.

వీధికి వరద హెచ్చరిక బోర్డు పెట్టిన రోజే అక్క ఫోన్ చేసింది. "ఊళ్లో ఇన్ని వీధులుంటే మాదే దొరికిందటే నీకు? నీ వల్ల ఇళ్ల ధరలు పడిపోయాయని ఇరుగూ పొరుగూ నన్ను దుమ్మెత్తి పోస్తున్నారు."

"నేను గీయకపోతే నీళ్లు ఆగుతాయా అక్కా?"

అక్క పెట్టేసింది. మళ్లీ చేయలేదు. మబ్బు పట్టినప్పుడల్లా ఆమె కిటికీకీ కుర్చీకీ మధ్య తిరిగేది. వాన వస్తే అక్క ఇల్లు పోతుంది, రాకపోతే అక్కే తనకు దూరమవుతుంది. ఏది కోరుకోవాలో ఆమెకే తెలియలేదు.

చివరికి కుండపోతగా కురిసింది. ముందే చెప్పి ఉండటంతో జనం మేడల మీదికి చేరారు. అక్క ముందు గదిలో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి గానీ, వీధిలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

నీళ్లు తీశాక ఆమె వెళ్లి, అడక్కుండానే చీపురందుకుంది. ఇద్దరూ కలిసి గడప దాకా బురద ఎత్తారు.

"నీ గీత నిజమైందని మురిసిపోకు" అంది అక్క.

"మురిసిపోవడం లేదక్కా."

"ఇలాంటి తూములు ఇంకా ఉన్నాయా?"

"ఉండే ఉంటాయి. ఎక్కడో తెలీదు."

అక్క నడుం నిటారు చేసింది. "తెలీనప్పుడు ఇక్కడేం చేస్తున్నావే? పో, వెళ్లి వెతుకు. నా ఇల్లు నేను కడుక్కోలేనా?"

ఆమె చీపురు గోడకు ఆనించింది.