లేబుళ్లు ఆగిన సోమవారం

ఎల్లమ్మకు నానమ్మ పేరు పెట్టారు. హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు వినపడేవి. రెండువేల ఇరవై రెండు సెప్టెంబరులో కెనడాలోని మిస్సిసాగాలో దిగాక ఆ పేరు చివర కొంచెం కత్తిరించుకుని "ఎల్లా" అయింది. తెల్లవాళ్లు ఎంత అందమైన పేరో అన్నారు. ఆమె నానమ్మకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.

నలుగురు అమ్మాయిలతో బేస్‌మెంటులో అద్దెకుంటూ సప్లై చైన్ డిప్లొమా చదివేది. వారానికి మూడు రోజులు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని. కెనడా రాకముందు మూడేళ్లు సిద్దిపేట బస్టాండు ఎదుట ఇంటర్నెట్ సెంటర్ నడిపింది. అప్లికేషన్లకు ఆఖరి తేదీ అంటే క్యూ రోడ్డు దాకా ఉండేది. సిస్టమ్ ఆగితే క్యూలో వాళ్లు కారణం అడగరు, బల్ల మీద కొడతారు. అందుకని ముందు ఎదుటి మనిషి పని ఎట్లాగో ఒకట్లా గడిపేయడం, మరమ్మతు తర్వాత చూసుకోవడం ఆమెకు అలవాటైంది.

గోడౌన్ యజమాని ఆంజనేయప్రసాద్. పాతికేళ్ల కిందట తెనాలి నుంచి వచ్చినాయన. మందులు నిల్వ చేసి చుట్టుపక్కల ఊళ్ల ఫార్మసీలకు పంపే వ్యాపారం. అందులో ఆయన తోడల్లుడు హేమచంద్ర ఉద్యోగం పేరు "డిజిటల్ రెజిలియెన్స్ హెడ్". దాని అర్థం అడిగితే, పడిపోయినా వెంటనే లేవడమని చెప్పేవాడు. కుర్చీలోంచి లేవడానికే ఆయనకు రెండు ప్రయత్నాలు పట్టేవి. ఏ కంప్యూటర్ ఆగితే ఏం చెయ్యాలో డెబ్బై రెండు పేజీల ప్లాన్ రాశాడు. అట్ట మీద గాలికి వంగిన వెదురు బొమ్మ. ఆ అట్ట దాటి లోపలికి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ప్రింటర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. స్కానర్లు ఆగాయి, ఆఫీసులో నెట్ పోయింది. పెట్టెల మీద అంటించే లేబుల్ రాకపోతే సరుకు కదలదు. బయట కొరియర్ ట్రక్ నిలబడి ఉంది. పదకొండుకు వెళ్లిపోతుంది.

హేమచంద్ర కేకేశాడు. "ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు! ముందు రూట్ కాజ్, అసలు కారణం తేలాలి. ఇన్సిడెంట్ కాల్ స్టార్ట్ చేస్తున్నా."

ఒకే గదిలో కూర్చున్న ఏడుగురు తమతమ సెల్‌ఫోన్లలో ఆ కాల్‌లో చేరారు. ఒకరి మాట ఏడు చోట్ల నుంచి వినపడసాగింది.

"ప్లాన్ ఓపెన్ చెయ్యవయ్యా," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"అది సర్వర్‌లో ఉందన్నయ్యా."

"సర్వర్ ఓపెన్ అవట్లేదుగా?"

"అందుకేగా ప్లాన్ కావాల్సింది!"

ఎల్లమ్మ తలుపు దగ్గరే నిలబడి వింది. వినీ వినీ ఉండబట్టలేకపోయింది.

"సార్, ఒక్క లాప్‌టాప్ ఇయ్యండి. నా ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెడ్తా. ప్రింటర్‌కి డైరెక్ట్‌గా వైర్ పెడితే లేబుల్స్ వస్తయ్. ఆర్డర్లు మెయిల్‌లనే ఉన్నయ్ కదా."

"నువ్వు ప్యాకింగ్ కదమ్మా?" అన్నాడు హేమచంద్ర. "పర్సనల్ ఫోన్ కనెక్ట్ చెయ్యడానికి పాలసీ ఒప్పుకోదు. ప్లాన్‌లో క్లియర్‌గా రాశాను."

"ఏ పేజీల సార్?"

ప్లాన్ తెరవడానికి ఆయన మౌస్ వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో ఆంజనేయప్రసాద్ ఫోన్ మోగింది. గ్వెల్ఫ్‌లో నాలుగు ఫార్మసీలు నడిపే పద్మిని గారు. సాయంత్రానికి ఇన్సులిన్ అందకపోతే పేషెంట్లకు ఏం చెప్పాలని ఆమె అడుగుతోంది. మా టీమంతా దాని మీదే ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడాయన. కిటికీలోంచి ట్రక్ వైపు చూశాడు. లాప్‌టాప్ తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టాడు.

ఆరు నిమిషాల్లో మొదటి లేబుల్ వచ్చింది. పదకొండూ అయిదుకు నలభై మూడు పెట్టెలతో ట్రక్ కదిలింది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పుడు ఎల్లమ్మ వైర్లన్నీ వచ్చి కలిసే చిన్న గదిలోకి వెళ్లింది. నెట్‌వర్క్ పెట్టె మీద లైట్లన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ఇట్లాంటిది ఆమె సిద్దిపేటలో ఒకసారి చూసింది. ఒక నీలం వైరు రెండు కొసలూ అదే పెట్టెలో గుచ్చి ఉన్నాయి. పోయిన సమాచారమే తిరిగి వచ్చి గుండ్రంగా తిరుగుతోంది. ఒక కొస పీకింది. లైట్లు నెమ్మదించాయి, ప్రింటర్లు మేలుకున్నాయి.

ఆ వైరు గుచ్చింది ఎవరో వెతకక్కర లేకపోయింది. ఆ పొద్దున తొమ్మిదీ ఇరవైకే హేమచంద్ర ఆ గది ఫొటో లింక్డ్‌ఇన్‌లో పెట్టాడు. వేలాడే వైర్ల కొసలన్నీ దొరికిన చోట గుచ్చి, చక్కగా సర్ది, "క్లీన్ కేబుల్స్, క్లీన్ మైండ్" అని రాశాడు. నీలం వైరు మధ్యలో స్పష్టంగా కనపడుతోంది. రూట్ కాజ్‌కు అప్పటికే అరవై నాలుగు లైకులు వచ్చాయి.

శుక్రవారం సమోసాలతో మీటింగు పెట్టారు. హేమచంద్ర పదహారు స్లైడ్లు చూపించాడు. తన నాయకత్వంలో కంపెనీ తొంభై నిమిషాల్లో కోలుకుందట. ఫ్లోర్ మీది ఒక అసోసియేట్ కూడా సహకరించిందట. ఎల్లమ్మ పేరు మాత్రం ఎక్కడా రాలేదు. అయినా ఆమె రెండో సమోసా కూడా తీసుకుంది.

మీటింగు అయ్యాక యజమాని గదికి వెళ్లింది. "సార్, నన్ను ఐటీ సపోర్ట్‌లకి మార్చండి. రేపు ఇక్కడ్నే ఉండేటందుకు PR కి అప్లై చేసేటప్పుడు జాబ్ లెటర్ పనికొస్తది."

"స్టూడెంట్‌వి కదమ్మా. ముందు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ రానియ్."

"మొన్న సోమవారం చేసింది ఏ దేశం ఎక్స్‌పీరియన్స్ సార్?"

ఆయన దాన్ని జోకు కింద తీసుకుని నవ్వాడు. చూద్దామన్నాడు.

ఆమె ఒక కాగితం మీద నాలుగు మాటలు పెద్దక్షరాల్లో రాసి ప్రింటర్ పక్కన గోడకు అంటించింది. నెట్ పోతే ఏ లాప్‌టాప్ తియ్యాలి, ఏ వైరు ఎక్కడ పెట్టాలి, అంతే. ఏప్రిల్‌లో ఆమె పరీక్షల్లో ఉండగా మళ్లీ నెట్ పోయింది. ప్యాకింగ్ వాళ్లు ఆ కాగితం చూసి పది నిమిషాల్లో పని మొదలుపెట్టుకున్నారు. హేమచంద్రకు లంచ్ తర్వాత తెలిసింది. తనతో చెప్పకుండా ఎలా బాగుచేసుకుంటారని అరిచాడు.

పరీక్షలయి ఎల్లమ్మ పనిలోకి వచ్చిన వారమే పద్మిని గారు ఏదో ఆర్డర్ కోసం ఫోన్ చేస్తే ఎల్లమ్మ ఎత్తింది. ఫిబ్రవరిలో ఏమైందని మాటల మధ్య ఆమె అడిగింది. ఎల్లమ్మ నీలం వైరుతో సహా చెప్పింది.

అవతల కాసేపు నవ్వు. "మాకు సిస్టమ్స్ చూసేవాళ్లు లేరమ్మా. కోర్సు అయ్యాక వస్తావా? PR కి జాబ్ లెటర్ నేనిస్తా."

ఆగస్టులో ఎల్లమ్మ రాజీనామా ఇచ్చింది. "మా దగ్గర నేర్చుకుని వెళ్లిపోతున్నావన్నమాట," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"అవును సార్. చాలా నేర్చుకున్న."

గ్వెల్ఫ్‌లో మొదటి రోజు పద్మిని గారి షాపుల్లో ఒకదాంట్లో బిల్లింగ్ కంప్యూటర్ వెలగలేదు. బల్ల కింద దూరి చూస్తే, ఎవరి కాలో తగిలి ప్లగ్ ఊడి ఉంది. కౌంటర్ దగ్గరి ముసలాయన సిగ్గుపడ్డాడు. ఎల్లమ్మ నవ్వలేదు, ఇది అందరికీ జరుగుతుందని చెప్పింది.

"ఏమైందమ్మా? రిపోర్ట్ ఏమన్నా రాయాలా?" అని ఫోన్‌లో పద్మిని గారు అడిగింది.

"వద్దాంటీ. ప్లగ్‌కి టేప్ వేసిన," అంది ఎల్లమ్మ. ఇంకో షాపులో స్కానర్ పలకడం లేదట, బ్యాగు భుజాన వేసుకుని అటు బయల్దేరింది.