సంత దారివైపు వాకిలి

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు వేసవిలో నన్ను డిప్యుటేషన్ మీద మదనపల్లెకు ప్రాజెక్టు అధికారిగా వేశారు. జ్వరాలకు, బీపీకి, షుగరుకు జనం వచ్చే ఆరోగ్య కేంద్రాల్లోనే దిగులుకూ నిద్రలేమికీ వైద్యం అందించడం ఆ ప్రాజెక్టు పని. నిధులు ఒక దాతృసంస్థవి. అందులో రెండు పద్దులుండేవి. మొదటిది డాక్టర్లకు, నర్సులకు శిక్షణ. రెండోది గది, సామాను. ఒక పద్దు డబ్బు ఇంకోదానికి వాడాలంటే ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి.

పుంగనూరు ఆరోగ్య కేంద్రంలో ఈ రోగులకు ప్రత్యేకంగా గది కట్టించాను. తనిఖీకి వచ్చేవాళ్లకు 'మానసిక వైద్యం' అన్న బోర్డు కనబడాలని వాకిలి రోడ్డువైపు పెట్టమన్నది నేనే. కుప్పంలో స్థలం తేలక గది ఆగిపోయింది. అక్కడి డాక్టరు బీపీ వరుసలోనే ఈ రోగులనూ చూసేవారు.

కొన్ని నెలలు గడిచినా పుంగనూరు గదిలో ఈగలే. కుప్పంలో వరుస పెరుగుతోంది. ఈ తిరకాసేమిటో తెలుసుకుందామని కుప్పం వెళ్లాను. వరుసలో రెడ్డెప్ప కనిపించాడు. పుంగనూరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే దళారి. మా గది తెరిచిన కొత్తలో గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన మనిషి కాబట్టి నాకు గుర్తున్నాడు. ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగాను.

"మీ వాకిలి సంత దారికి ఎదురుగా ఉండాది కదా సార్. అమ్మేవాడూ కొనేవాడూ నా మాట మీద బేరం తెంచుకుంటారు. ఆ బోర్డు కింద నిలబడితే, 'ఈయప్పకే మతి సరిగా లేదంట, ఆవు పండ్లు సూసి వయసేం సెప్తాడు' అంటారు. ఈడైతే బీపీకి వచ్చినాననుకుంటారు." తర్వాత నవ్వాడు. "ఆవుకు రోగమొస్తే మేము సంత బయటే మందేస్తాం సార్. మీరు మనిషికి నడిబజార్లో ఏస్తాండారే!"

మందుతో నిద్ర పడుతోందని, మళ్లీ సంతకు పోతున్నానని కూడా చెప్పాడు.

తిరకాసు విడిపోయింది. కానీ స్థలం ఖాయమై, కుప్పం గది నిధుల కాగితం మీద అప్పటికే నా సంతకం పడింది. గది ఆపి ఆ డబ్బు శిక్షణకు మార్చమని రాస్తే, కారణం చెప్పేటప్పుడు పుంగనూరు వాకిలి తప్పు కూడా ఒప్పుకోవాలి. రాయలేదు. గది లేచింది, బోర్డు వచ్చింది, రోగులను అందులోకి మార్చారు. కుప్పం వైపు పశువుల వ్యాపారులూ రెడ్డెప్పను ఎరిగినవాళ్లే. ఆయన రావడం మానేశాడు.

చౌడేపల్లె దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను. రెడ్డెప్ప నన్ను చూసి కొట్టంలోకి పోయాడు. ఆయన భార్య మునెమ్మ మాట్లాడింది. "మందు నిలిపేసినాడు సార్. నిద్ర లేదు, సంతకు పోయేది లేదు. పాలు నేనే పిండి పోస్తాండాను. ఇంగో బోర్డు యాల పెట్టినారు సార్?"

ఆ వారమే సంస్థకు జరిగిందంతా రాసి, రోగులను బీపీ వరుసలోనే చూడనివ్వమని అడిగాను. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. నేను అన్నాళ్లూ భయపడింది ఇంత తేలికైన జవాబుకే. రెండు చోట్లా రోగులు బీపీ వరుసలోకి వచ్చారు, గదులు మందుల నిల్వకు పోయాయి. రెడ్డెప్ప పుంగనూరులోనే చూపించుకోసాగాడు. అయితే అప్పటికి ఆయన బేరాలు వేరేవాళ్ల చేతుల్లోకి పోయాయి, తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏ గది అంచనా నా ముందుకొచ్చినా, ఖర్చు చూసేముందు రోగి ఎవరి కళ్లముందు నడిచి రావాలో అడిగేవాణ్ని. తప్పు తెలిసిన రోజే రాయాలన్నది కూడా అక్కడే నేర్చుకున్నాను.