లేత్ మేస్త్రిని చంపింది బీడీ కాదు

నా పేరు ఎస్తేరమ్మ. డెబ్బై నాలుగేండ్లు. చాపాడు దగ్గర మా ఊర్లో పిండిమిల్లు నాది. ఇంట్లో నేనూ, నా కోడలు సుగుణమ్మ. నాకు చదువు రాదు, నేను చెప్తాంటే కోడలు రాస్తాంది.

ప్రొద్దుటూరు లేత్ షెడ్డు మేస్త్రి పోయిన మంగళవారం ఆయాసంతో సచ్చిపోయినాడు. బీడీలు తాగి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్యాడని షెడ్డు ఓనరు సావింట్లో నిలబడి చెప్పినాడు. మేస్త్రి పెండ్లాం తల వంచుకునె. అది అబద్ధం. ఇరవై ఏండ్లల్లో ఆయప్ప బీడీ ముట్టంగా నేను సూడలేదు.

మా మిల్లు పాతది. ఇరుసు ఇత్తడి బుష్షుల్లో తిరుగుతాది. రాపిడికి అరిగి ఏడాదికి రెండు తూర్లు నిల్చిపోతాండె. ఆయప్ప దాన్ని ఎత్తకపోయి, షెడ్డులో క్రోము తొట్టిలో ముంచి, గట్టి పూత పట్టించి, నున్నగా సానబట్టి తెచ్చె. బెల్టు తీసేసి ఒక్క ఏలితో తోస్తే చప్పుడు లేకుండా శానాసేపు తిరిగె.

"పూత ఎంత గట్టిదైతే తిరుగుడు అంత మెత్తగుంటాదమ్మా."

"నాకంటే గట్టిమనిషి ఉందా? నేనేల మెత్తగ లేనప్పా?"

"నీకు సానబట్టే రాయి యాడ దొరుకుతాదమ్మా!"

జమ్మలమడుగు బండల మిల్లులు మొదలు పులివెందుల దాకా ఇరుసులు ఆయప్ప కాడికే వచ్చేటివి. పని అయినాక పుల్ల ఒకటి బుష్షుకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని లోపల రాపిడి చప్పుడు ఉందేమోనని ఇనేటోడు. అంతదాకా మజ్జిగ కూడా ముట్టడు.

పోయిన ఎండాకాలం అట్లా ఇంటాండగా పక్కనే బెల్టు మాడె. పొగ ఇంకా లేయలేదు గానీ రబ్బరు కంపుకు వీధిలోవాళ్లు ఉరికొచ్చిరి. ఆయప్ప మాత్రం కదల్లేదు.

"ఏందప్పా, ముక్కు యాడ తాకట్టు పెట్టినావు?" అని అరిస్తి.

"తొట్టి ఆవిరికి ముక్కులో బొక్క పడిందమ్మా. ఏ వాసనా తెలీదు" అని నవ్వె.

అందరం నవ్వితిమి. అందరికంటే నేనే ఎక్కువ. ఆ తొట్టి కాడికి ఇంక పోవద్దని ఒక్కమాట అనలేదు. నా మిల్లు నిలవకూడదు, అదే నా తలకాయలో ఉండె.

ఆస్పత్రి కాగితంలో కూడా బీడీలనే రాసినారంట. మారుస్తారని నాకు ఆశ లేదు. తమ నాయన తన సావు తానే తెచ్చుకున్యాడని ఆయప్ప బిడ్డలు నమ్మకూడదు, అందుకే చెప్తాండా.

నిన్న సాక్షి సంతకాలకు షెడ్డుకు పోతిమి. తొట్టి కాడ పనిచేసే ఇద్దరికి కోడలు అంతదాకా రాసిందంతా చదివె.

"అంతా నిజమే అవ్వా. సంతకం పెడితే రేపు పనిలో ఉండనిస్తారా?" అనె పెద్దాయన.

రెండో ఆయన తువ్వాలతో ముక్కు తుడుచుకుని, దాన్ని ఒకతూరి చూసుకుని, ఎర్రమరక లోపలికి పోయేటట్ల మడిచి, తొట్టి కాడికి నడిచె.

ఎస్తేరమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర
సాక్షి: రాసిన కోడలు సుగుణమ్మ
రెండో సాక్షి: ఎవరూ రాలేదు