మూడో బుట్ట దగ్గరి గాలి

అరకు బస్టాండులో పళ్లేల్లాంటి రెండు ప్లాస్టిక్ డిస్కులు ఒళ్లో పెట్టుకుని, కొండ మీది రిసార్టులో ఆడే డిస్క్ గోల్ఫులో గొలుసుల బుట్టలోకి విసరడానికి ఏది నయమో డైరీలో రాసుకుంటున్నాను. పక్కన కూర్చున్న గిరిజన స్త్రీ బరువైనదాన్ని వేలితో తట్టింది.

"ఇది అట్టుకెళ్లు బాబూ. మూడో బుట్ట కాడ ఎదురుగాలి. రెండోది లోయలోకి తేలిపోద్ది. ఇదైతే గాలికి లొంగదు, ఎడం పక్కకి వంగి బుట్ట కాడే పడతాది."

"నువ్వూ ఆడతావా?" అని నవ్వాను.

"ఆడ్డమేటి బాబూ, మీరు ఇసిరినియి ఏరతాను. రిసార్టోలు తీసుకోకముందు అది మా కల్లం. ఆ గాలికే సోళ్లు, అదే మీ రాగులు, తూర్పారబట్టీవోలం."

మర్నాడు డిస్కు ఆమె చెప్పినట్టే పడింది. డిస్కుని అంత సరిగ్గా ఎలా ఎంచుకున్నావని మిత్రులు అడిగారు. అనుభవం అన్నాను. ఆ రోజు డైరీలోనూ అదే రాసి ఉంది.