ఎడమ చెవి వైపు అల

పోయిన బుధవారం మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే ఫోన్ మోగింది. అత్తయ్య. ఆవిడ ఏడవలేదు. "అమ్మాయ్, మీ సారు తెల్లవారుజామున వెళ్లిపోయారు. నిద్రలోనే. కాఫీ కలిపి లేపబోతే తెలిసింది" అన్నారు. కాస్త ఆగి, "బడి అయ్యాకే రా. తొందరపడి బస్సుల్లో వేలాడకు" అన్నారు. నేను బడి అయ్యేదాకా ఆగలేదు. అత్వెల్లి నుంచి మేడ్చల్‌కు ఏ బండి ఎక్కి వచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు.

సారు నాకు చుట్టం కాదు. బళ్లో పాఠం చెప్పినవారూ కాదు. దూలపల్లిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవారు. మా జొన్న చేను ప్లాట్లయినప్పుడు అందులో ఒక ముక్క కొని ఇల్లు కట్టుకున్నారు. ఇస్త్రీ ప్యాంటు వేసుకునేవారు, మా బాపును కూడా 'మీరు' అనేవారు. అంతే, ఊరంతా ఆయన్ని సారు అన్నది. ఆయన భార్యను నేను మొదట ఆంటీ అన్నాను. "ఆంటీ ఏంటే, నోరారా అత్తయ్య అనలేవూ?" అన్నారు. అట్లా అత్తయ్య అయ్యారు.

వాళ్లది భీమిలి. సముద్రం పక్కన పుట్టిన మనిషి మా ఎర్ర మన్నులో ఇల్లు కట్టుకోవడం మా అవ్వకు వింత. "నీళ్లిడిసి గీ గుట్టలల్ల ఏం జూసి వచ్చిండో" అనేది.

నేను ఏడో తరగతికి వచ్చేసరికి సారు చూపు తగ్గడం మొదలైంది. డాక్టర్లు నీటికాసులు అన్నారట, అదే గ్లకోమా. ముందు పక్కలవి కనబడడం పోయింది, ఆ తర్వాత అక్షరాలు పోయాయి. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నారు. మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "పోయి సారుకు పేపరు సదివి రా. నీకు గూడ నోరు తిరుగుతది" అని బాపు పంపించాడు.

అట్లా రోజూ సాయంత్రం వాళ్ల వరండాలో కూర్చుని పేపరు చదివేదాన్ని. రాని మాట వస్తే గుటుక్కున మింగేసి పక్క మాటకు పోయేదాన్ని. సారు వెంటనే వేలెత్తేవారు. "ఏదో దాటేశావు. రాకపోతే రాదని చెప్పీ, అక్కడ ఆగు. దాటెయ్యకు." ఒకసారి వాళ్ల వైపు తుపాను వచ్చి పడవలు కొట్టుకుపోయాయని పెద్ద వార్త పడింది. ఆయన మనసు కష్టపడుతుందని నేను దాన్ని వదిలేసి సినిమా పేజీ చదివాను. అంతా విన్నారు. చివరికి, "పొద్దున్నే రేడియోలో విన్నానమ్మా. నువ్వు చదవకపోతే అది జరగకుండా పోయిందేటి?" అన్నారు. కోపంగా అనలేదు. అయినా నాకు చెవులు కాలినట్టయింది.

చిన్నప్పుడు సారూ, ఆయన తమ్ముడూ ప్రతి ఆదివారం ఒక చిన్న తెరచాప పడవ మీద సముద్రంలోకి పోయేవారట. వేటకు కాదు, ఊరికే సరదాకు. చేపలు పట్టేవాళ్లు వాళ్లని చూసి, "పని లేని బాబులొచ్చేశారు, గాలి మేసి పోతారు" అని నవ్వేవారట. సముద్రం మీద ఒకచోటుకి పోతే ఒడ్డున లైట్‌హౌసూ, దాని వెనక కొండ మీది గుడీ ఒకే గీతలోకి వస్తాయి. అక్కడిదాకా పోవడం, వెనక్కి తిరగడం, అదే వాళ్ల ఆట. ఒక్కసారి మళ్లీ తన చేత్తో చుక్కాని పట్టుకుని ఆ చోటుదాకా పోయిరావాలని సారు కోరిక. గాలిని మెడతో తెలుసుకోగలరు, పడవ వంపును నడుముతో తెలుసుకోగలరు. అలలు మాత్రం కనబడవు. వాటిని చూసి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషిని నన్ను చేద్దామనుకున్నారు.

"ముందు ఈత" అన్నారు, నేను ఇంటర్‌లో చేరిన ఏడాది. బాపు మా బాయిలో ఎండిన సొరకాయ బుర్ర నా నడుముకు కట్టి దించాడు. అవ్వ గట్టు మీద కూర్చుని, "బడికి పోతదని సద్ది గట్టిస్తే బాయిల దునుకుతాంది. గిసొంటి సదువు నేనేడ జూడలే" అని రోజూ దీవించేది.

ఈత వచ్చాక ఆదివారాలు షామీర్‌పేట చెరువుకు పోయేవాళ్లం. చేపలు పట్టే ఒకాయన తన పాత చెక్క పడవ ఇచ్చేవాడు. తెరచాప అత్తయ్య కుట్టారు, యూరియా సంచులు విప్పి, మిషను మీద. గాలి నిండినప్పుడు సంచుల మీది పెద్ద పెద్ద అక్షరాలు ఉబ్బి, కట్ట మీదికి కూడా కనబడేవి. ఫొటోలు దిగడానికి వచ్చిన పట్నం పిలగాళ్లు, "ఏం అంకుల్, యూరియా యాడికి తోల్తున్నవ్?" అని అరిచేవారు. "చేపలకి బాబూ, దిగుబడి బాగోలేదు" అని సారు అంతకన్నా గట్టిగా అరిచేవారు. బాపు కట్ట మీద బీడీ కాలుస్తూ, మేం ఒడ్డుకు వచ్చేదాకా మా మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు.

సారు నేర్పిన పద్ధతి తేలికైనది. దిక్కులన్నీ ఆయన తల మీదే. ముందు వైపు ముక్కు, వెనక వైపు మెడ, పక్కలు కుడి చెవి, ఎడమ చెవి. నేను పడవ ముందు కొసన కూర్చుని చెప్పాలి. "కుడి చెవి, నీళ్లు నల్లబడుతున్నయి సారూ." గాలి తాకబోయే చోట నీళ్లు నల్లబడతాయి, అది నాకు తొందరగానే పట్టుబడింది. ఆషాఢం గాలి పడమటి నుంచి వచ్చి చెరువును గరగరలాడిస్తే, కట్టకు కొట్టుకుని నీళ్లు ఎగిరేవి. పడవ గతుకుల మీద బండిలా ఎగిరెగిరి పడేది. నేను ఒకరోజు మురిపెంగా, "అలలు ముత్యాల్లెక్క వస్తున్నయి" అన్నాను. "ముత్యాలైతే నేనేటి చెయ్యాలి, చుక్కాని తిప్పాలా, దండ గుచ్చాలా? అందంగా వద్దు. ఉన్నట్టు చెప్పు" అన్నారు. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను.

రెండేండ్లు అట్లా గడిచాయి. నేను డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాశాక, ఎండాకాలం సెలవుల్లో సారు భీమిలి ప్రయాణం పెట్టారు. అవ్వ గొడవ చేసింది. పెండ్లి కావాల్సిన పిల్లను వేరే వాళ్లతో అంత దూరం పంపుతావా అని బాపును నిలదీసింది. బాపు బీడీ ఆర్పాడు. "సారు దీని నోటి మాట మీద పడవ నడుపుతుండు. గింత నమ్మినోడు మన సుట్టాలల్ల ఎవడున్నడు?" అన్నాడు. అవ్వ లేచి నా బట్టల సంచి తెచ్చి ముందర పెట్టింది.

మొదటిసారి సముద్రం చూసినప్పుడు నా కండ్లు అవతలి కట్ట కోసం వెతికాయి. దొరకలేదు. కొంచెం భయమేసింది. సారుతో చెప్పాను. "మంచిది, భయం వేసిన దగ్గర సరిగ్గా చూస్తావు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్యను ఒడ్డున వదిలి పడవెక్కాం. సారు చుక్కాని దగ్గర, ఆయన తమ్ముడు తెరచాప తాడు దగ్గర, నేను ముందు కొసన. తమ్ముడు కూడా అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. అన్న మాట కాదనలేక వచ్చాడు, వచ్చినప్పటినుంచి ఒడ్డు వైపే చూస్తున్నాడు. గాలి దక్షిణం నుంచి. పడవకు కుడి చెవి వైపు. నేను చెరువులో చేసినట్టే కండ్లార్పకుండా ఆ వైపే చూస్తూ చెప్పుకుపోయాను. "కుడి చెవి, రెండు చిన్నయి. వెనక ఒకటి పెద్దది." సారు చుక్కాని కొంచెం తోస్తే, పడవ దాని మీదికెక్కి మెత్తగా దిగేది. ఆయన మొహం నేనెప్పుడూ చూడనంత కుర్రగా ఉంది.

అప్పుడు ఎడమ వైపు నుంచి కొట్టింది. చప్పుడు లేదు, నురుగు లేదు, గోడలాంటి నీళ్లు లేచి పడవను పక్కకు ఒరిగించి మా ముగ్గురినీ ముంచేసి పోయాయి. నేను అంచు పట్టుకుని వేలాడాను. సారు నల్ల కండ్లద్దాలు పోయాయి. తమ్ముడు తిట్టుకుంటూ డబ్బాతో నీళ్లు తోడాడు.

"పాపా, నువ్వు లేచి మధ్యలో కూర్చో. చెరువు పిల్లవి, నీకు తెలీదు" అన్నాడు నాతో.

తప్పు నాదే. చెరువులో అల గాలి వచ్చే వైపు నుంచే వస్తుంది, ఇంకో వైపు చూడాల్సిన పని లేదు. రెండేండ్లు ఆ ఒక్క వైపు చూడడమే నా మెడకు అలవాటు. సముద్రంలో గాలి ఒక దిక్కు నుంచి, ఎక్కడో దూరంగా పుట్టిన పెద్ద అల ఇంకో దిక్కు నుంచి రావచ్చని నా తలకే రాలేదు. లేచి మధ్యకు పోబోయాను.

"కూర్చో అక్కడే" అన్నారు సారు. "తప్పు నాది. చెరువులో నేర్పించి తిన్నగా సముద్రానికి తెచ్చాను. ఇప్పుడు రెండు చెవులూ చూడు. చెప్పు, ఏటుంది?"

రెండు వైపులా చెప్పాను. ఇంకొంత దూరం పోయాం. పొద్దెక్కే కొద్దీ గాలి పెరిగింది. అలల తలలు తెల్లగా విరగడం మొదలైంది, ముందు అక్కడక్కడ, తర్వాత చూసిన ప్రతిచోటా. లైట్‌హౌస్ ఒక దగ్గర, కొండ మీది గుడి దానికి చాలా ఎడంగా. ఇంకా సగం దూరమైనా రాలేదు.

సారు తమ్ముడు నా వైపు వంగాడు. సారుకు కనబడదని తెలిసీ చేయి అడ్డం పెట్టుకుని, "వచ్చేశాం అని చెప్పీ పాపా. లైట్‌హౌసూ గుడీ కలిశాయని చెప్పీ. సంతోషంగా తిరుగుతాడు. మనందరం బతుకుతాం" అన్నాడు.

చెడ్డవాడు కాదాయన. అన్న ప్రాణం మీదే ఆయన భయం. నేను చెప్పే ఆ ఒక్క మాటతో సారు కోరిక తీరుతుంది, పడవ ఒడ్డుకు తిరుగుతుంది. నిజం చెబితే, ఇంతదూరం వచ్చిన మనిషిని సగంలో తిప్పినట్టు. ఒకవేళ ఆయన పోదామంటే? తలెత్తి రెండు వైపులా ఇంకోసారి చూశాను.

"ఇంకా రాలేదు సారూ" అన్నాను. "గుడి ఇంకా మస్తు ఎడంగ ఉన్నది. ముక్కు దిక్కు అంత తెల్లగనే. రెండు చెవుల దిక్కు తెల్లగనే. మనం పోలేం."

ఆయన చుక్కాని అట్లాగే పట్టుకున్నారు. రెండు అలలు మా కిందినుంచి పోయాయి. మూడోది దాటాక, "పెద్దది ఏదన్నా ఉందా వెనక?" అన్నారు.

"ఒకటున్నది. దాని ఎనక ఖాళీ."

ఆ ఒక్కటి దాటగానే, ఆ ఖాళీలో పడవను గిర్రున తిప్పేశారు. తెరచాప ఫెళ్లున అటు మారింది. మొహం ఒడ్డు వైపు పెట్టారు.

ఇంకొంచెం నీళ్లు నిమ్మళించాక తమ్ముడితో అన్నారు, "మూడేళ్ల కిందట మనిద్దరమే వచ్చినప్పుడూ ఇలాగే వచ్చేశాం అన్నావురా."

తమ్ముడు తాడు వైపు చూశాడు.

"లోతు నీళ్ల అల పడవని ఎత్తే పద్ధతి వేరు. నాకు నడుముకి తెలుస్తుంది కదా. రాలేదని అప్పుడే తెలుసు. నువ్వు బాధపడతావని వచ్చామన్నట్టే ఉన్నాను. ఇంటికెళ్లి నిద్ర పట్టలేదు. చూపు పోయినందుకు కాదు, ఎక్కడున్నానో తెలీకుండా పోయినందుకు."

"నీకు ఏమన్నా అవుతుందని భయం అన్నయ్యా" అన్నాడు ఆయన చిన్నగా.

"తెలుసురా. నువ్వు తాడు బాగా పట్టావు ఇవాళ."

ఆ తర్వాత సారు మళ్లీ సముద్రం మీదికి పోలేదు. ఆ చోటుకు చేరనేలేదు. మేడ్చల్‌లో ఎవరైనా అడిగితే, "సగం దాకా వెళ్లాం, మా అమ్మాయి తిప్పేసింది" అని గొప్పగా చెప్పుకునేవారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడూ, బాపుకు జబ్బు చేసి డాక్టరు చెప్పింది ఇంట్లో నేనే చెప్పాల్సి వచ్చినప్పుడూ, ఆయన నాకు సలహాలేమీ ఇవ్వలేదు. పక్కన కూర్చున్నారు, అంతే.

భీమిలిలో ఆ రోజు, పడవ తిరిగి ఒడ్డు దగ్గరపడే కొద్దీ సారు, "ఇప్పుడు చెప్పు, ఒడ్డున ఏటేటుంది? ఏదీ వదలకు" అన్నారు. చెప్పాను. వలలు ఆరేసి ఉన్నయి. రెండు కుక్కలు ఒక చేప కోసం కొట్లాడుతున్నయి. ఇసుకలో ఒక ముసలాయన చుట్ట వెలిగించుకోలేక గాలికి వీపు తిప్పుతున్నడు. ఇంకా?

"అత్తయ్య ఉన్నది సారూ. నీళ్ల అంచుల నిలబడ్డది. గాలికి గొడుగు ఉల్టా తిరిగిపోయింది, కమ్మీలన్నీ పైకి లేచినయి. మడుస్తలేదు. గట్లనే పట్టుకున్నది."

సారు చుక్కాని పట్టిన చేతి మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. కండ్లద్దాలు లేని మొహం నేను చెప్పిన వైపుకు తిప్పారు.

"చీర తడిసిందా?"

"మోకాళ్ల దాకా."

"ఇంకా ముందుకొస్తోందా?"

"వస్తాంది సారూ" అన్నాను. ఆయన చుక్కాని కొంచెం తోశారు, పడవ మొన ఆ విరిగిన గొడుగు వైపు తిరిగింది.