గిన్నెలు పడి తగ్గిన జబ్బు

ఏ పెళ్ళి విందులో నలుగురు కలిసినా మా మావయ్య ఒకటే కథ చెబుతాడు. "ఆ రోజుల్లో మా చెల్లెలికి మతి చెదిరితే పెద్ద పెద్ద డాక్టర్ల వల్ల కాలేదండీ. ఇదిగో, ఈ పిల్ల తెలివిగా గిన్నెలన్నీ ఒక్కసారి కింద పడేసింది. ఆ చప్పుడికి ఠక్కున మామూలు మనిషైపోయింది!" అందరూ నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. ఒకప్పుడు మొహమాటానికి ఊరుకునేదాన్ని. ఇప్పుడు బిర్యానీ చల్లారిపోయినా సరే, వాదిస్తున్నాను. పిన్నికి మతి చెదరలేదు. నాకు అంత తెలివీ లేదు.

ఆ రోజుల్లో మతి చెదరడమంటే ఏమిటో మాకు నేర్పింది సినిమాహాళ్ళే. (మా పటమటలో సిటీ బస్సెక్కి హాలు దగ్గర దిగితే చాలు, ఆ చదువు దొరికేది.) పిచ్చివాళ్ళు రెండు రకాలు: జుట్టు విరబోసుకుని నవ్వేవాళ్ళు, కత్తి పట్టుకుని నవ్వేవాళ్ళు. మంచివాళ్ళయితే చివర్లో తలకి దెబ్బ తగిలి బాగవుతారు, చెడ్డవాళ్ళయితే మేడ మీద నుంచి పడతారు. పిన్ని ఈ రెండింట్లోనూ ఇమడలేదు. గన్నవరంలో లెక్కల టీచరు. కొన్ని నెలలుగా నిద్ర లేదు, తిండి సయించదు, ఒకరోజు క్లాసులో చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చేసింది. డాక్టరు గారు మాత్రలు రాసి, కొన్నాళ్ళు అయినవాళ్ళ దగ్గర ఉండమంటే మా ఇంటికి వచ్చింది. జూన్‌లో బడి తెరిచేసరికి మళ్ళీ ఆ బోర్డు ముందు నిలబడాలి, అదొక్కటే ఆవిడ కోరిక. స్కూలుకి మాత్రం మావయ్య కామెర్లని చెప్పాడు. దాంతో హెడ్మిస్ట్రెస్ గారు పలకరించడానికి వస్తూ ఎక్కణ్ణుంచో పసరు మందు తెచ్చి, దగ్గరుండి తాగించి వెళ్ళారు. లేని జబ్బుకి మందు అందరి ముందూ తాగింది పిన్ని. ఉన్న జబ్బుకి మందు వంటింటి తలుపు వెనక మింగేది.

ఇక మా జాగ్రత్తలు చూడాలి. ఎదురింట్లో ఉండే మావయ్య రోజూ వచ్చి హెచ్చరించేవాడు. "అడిగిందల్లా ఇవ్వండి. ఎదురు చెప్పకండి. షాక్ తగలకూడదు." (డాక్టరు గారు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. అదంతా తెర మీది డాక్టర్ల వైద్యం.) అమ్మ కత్తిపీటా చాకులూ అటకెక్కించింది. ఇంట్లో అన్నీ కోయక్కర్లేని వంటలే: పప్పు, గుడ్లు, మళ్ళీ పప్పు. డిగ్రీలో చేరి లోకమంతా తెలిసిపోయిందనుకునే నేను, పిన్ని ఎప్పుడు నవ్వుతుందా అని గుమ్మం పక్క నుంచి కాపలా కాసేదాన్ని. ఆవిడ నవ్వదే!

వేసవి ముదిరేసరికి మాత్రలు పనిచేయసాగాయి. పిన్నికి నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. ఒకరోజు "బొమ్మిడాయిల పులుసు తినాలనుందే అక్కా" అంది. అడిగిందల్లా ఇవ్వాలి కదా, మావయ్య పరుగున వెళ్ళి చేపలు తెచ్చాడు. తెచ్చాక గుర్తొచ్చింది, కోయడానికి కత్తిపీట అటక మీద ఉంది. దించాలా వద్దా అని అమ్మా ఆయనా వంటింట్లో గుసగుసలాడుతుంటే, విసుగొచ్చిన పిన్ని స్టూలు వేసుకుని తనే దించుకుని పెరట్లోకి పోయింది. ఈ సంగతి నాకు తెలియదు. అంట్ల గిన్నెలన్నీ బేసిన్‌లో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఎదురుగా పిన్ని. తలంటుకుని జుట్టు ఆరబోసుకుంది, ముందు కత్తిపీట. రెండు రకాలూ ఒక్క మనిషిలోనే! బేసిన్ జారిపోయింది.

"కళ్ళెక్కడ పెట్టుకు నడుస్తున్నావే పొట్టీ! గిన్నెలకి సొట్టలు పడితే మీ అమ్మ నిన్ను కాదు, నన్నంటుంది!"

అచ్చం క్లాసులో గొంతు. మావయ్య పరుగెత్తుకొచ్చాడు. "స్తోత్రం! షాక్ తగిలి తగ్గిపోయింది!" అంటూనే వెనక్కి వెళ్ళి, వంటింటి తలుపు వెనక దాచిన మాత్రలన్నీ గుప్పిట్లో పట్టుకొచ్చాడు. "ఇంక ఇవెందుకమ్మా, పారేస్తా."

పిన్ని చేపల చేతులతోనే లేచింది. "అన్నయ్యా, అవి ఎక్కడివక్కడ పెట్టు."

"నయమైపోయాక ఎందుకూ?"

"అయితే నువ్వూ నీ షుగర్ బిళ్ళలు మానెయ్. పొద్దునా సాయంత్రం పొట్టి వచ్చి నీ చెవి దగ్గర గిన్నెలు పడేస్తుంది."

ఎదురు చెప్పకూడదన్న నియమం ఆయనదే కాబట్టి వెళ్ళి పెట్టేశాడు.

జూన్‌లో పిన్ని బడికి వెళ్ళింది. మాత్రలు డాక్టరు గారు ఆపమన్నాకే ఆపింది, లెక్కలు రిటైరయ్యాకే ఆపింది.

మొన్న పిన్ని వస్తే ఇద్దరం టీవీలో ఓ కొత్త సినిమా పెట్టుకున్నాం. అందులో ఒకడికి ఏదో మానసిక సమస్య. జబ్బుకి పేరు కొత్తదే, నవ్వు మాత్రం పాతదే. (కత్తి కూడా.) నేను అలవాటుగా టీవీతో పోట్లాడుతున్నాను. బేసిన్ పట్టుకున్న ఆ పొట్టిదైతే నోరు తెరుచుకుని చూసేది పాపం, నమ్మేసేది కూడా. పిన్ని మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నింపాదిగా అడిగింది.

"అది సరేగానీ పొట్టీ, వీడు మాత్ర వేసుకుని, ఇంత టిఫిన్ తిని ఆఫీసుకెళ్ళే సీను ఎప్పుడొస్తుందే?"

పేర్లు పడేదాకా కూర్చున్నాం. రాలేదు. ఇంతకీ ఎప్పుడొస్తుందంటారు?